కంచే చేను మేస్తే: పెంఫిగస్ కథ

నోరు పూస్తే మన ఇళ్ళలో ఒకటే మాట: "వేడి చేసింది". విరుగుడు కూడా అందరికీ కంఠతా వచ్చు. మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానేసుకో, ఆవకాయ జోలికి పోకు, ఓ వారం బీ కాంప్లెక్స్ వేసుకో. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. ఒంటి మీద నీటి పొక్కులొస్తే ఇంకో మాట: "అక్కి". కుమ్మరి చేత జాజుతో సింహం బొమ్మ వేయించుకోవడం మన ఊళ్ళలో చాలామంది చూసే ఉంటారు. అక్కి వైరస్ వల్ల వస్తుంది, సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే ఎండిపోతుంది. పేరు మాత్రం సింహానికి దక్కుతుంది.

ఈ రెండు మాటల మధ్య దాక్కుని నెలల తరబడి ఎవరికీ దొరక్కుండా తిరిగే జబ్బొకటి ఉంది. దాని పేరు పెంఫిగస్. అందులో ఎక్కువగా కనిపించే రకం పెంఫిగస్ వల్గారిస్. చాలామందిలో నోట్లో పుళ్ళతో మొదలవుతుంది. కొన్ని వారాలకో నెలలకో ఒంటి మీద నీటి పొక్కులు లేస్తాయి. అవి పల్చగా, వదులుగా ఉండి ఇట్టే చితికిపోతాయి. చితికిన చోట పచ్చిపుండు మిగులుతుంది, ఓ పట్టాన మానదు. ఏటా పది లక్షల మందిలో కొద్దిమందికి మాత్రమే వచ్చే అరుదైన జబ్బు. అంటురోగం కాదు. ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఎంగిలి తాగినా రాదు. బయటి నుంచి ఏ క్రిమీ వచ్చి చేసే పని కాదిది. మన ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే మన చర్మం మీద పడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

నా వృత్తి వైద్యం కాదు, సాఫ్ట్‌వేర్. కానీ ఈ జబ్బు చరిత్ర చదువుతుంటే చిక్కు బగ్ ఒకదాన్ని ఇరవై తరాల ఇంజనీర్లు వరసగా వెంటాడిన కథలా అనిపించింది. వాళ్ళందరూ అడిగింది దాదాపు ఒకటే ప్రశ్న: చర్మం సరిగ్గా ఎక్కడ విడిపోతోంది? జవాబు ఎంత నిక్కచ్చిగా దొరికితే రోగి అంత ఎక్కువ కాలం బతికాడు.

పేరు దొరకడానికే వేల ఏళ్ళు

పెంఫిక్స్ అంటే గ్రీకు భాషలో బుడగ, పొక్కు. హిప్పోక్రటీస్ పేరు మీదున్న గ్రంథాల్లో పొక్కులతో వచ్చే జ్వరం గురించి ఈ మాట వాడారు. అయితే ఆయన చెప్పింది ఇదే జబ్బని అనుకోవడానికి లేదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులోని మాంపెలియేలో బోసియే ద సావాజ్ అనే వైద్యుడు, మొక్కల్ని జాతులుగా విడదీసినట్టు రోగాల్ని విడదీసి ఓ పెద్ద పట్టిక తయారుచేశాడు. పెంఫిగస్ అన్న పేరు అందులో ఉంది కానీ ఆయన దృష్టిలో అది జ్వరంతో వచ్చి పోయే పొక్కుల రోగం. 1791లో జర్మనీలోని హానోవర్‌లో విక్‌మన్ అనే వైద్యుడు, జ్వరం లేకుండా ఏళ్ళ తరబడి సాగే పొక్కుల జబ్బుకి ఈ పేరు పెట్టాడు. ఈ రోజు మనం అనుకునే అర్థం అప్పటి నుంచి మొదలు.

పేరు వచ్చింది కానీ దాని కిందకి నానా రకాల జబ్బులూ వచ్చి చేరాయి. పొక్కు కనిపిస్తే పెంఫిగస్సే. 1844లో పారిస్‌లో కాజెనావ్ అందులోంచి ఒక రకాన్ని వేరు చేశాడు. పొక్కులు బాగా పైపైనే చితికి, ఎండుటాకుల్లా పొరలు పొరలుగా రాలే రకం అది. దాన్ని పెంఫిగస్ ఫోలియేషియస్ అన్నారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. ఈ రకంలో నోట్లో పుళ్ళుండవు. ఈ చిన్న తేడాని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

అప్పట్లో ఈ జబ్బు వస్తే ఎలా ఉండేదో ఊహించడం కష్టం. వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా అనే చర్మవైద్యుడు 1860ల్లో ఇలాంటి రోగుల కోసం గోరువెచ్చని నీళ్ళ తొట్టెలు పెట్టించాడు. ఒళ్ళంతా పచ్చిపుండైన మనిషిని పక్క మీద పడుకోబెడితే దుప్పటి అంటుకుని, తీసినప్పుడల్లా చర్మం ఊడొచ్చేది. అందుకని నీళ్ళలోనే ఉంచేవాళ్ళు. ఒక గంటో పూటో కాదు, రాత్రీ పగలూ, వారాలు, ఒక్కోసారి నెలలు. తిండీ నిద్రా అందులోనే. దీనివల్ల జబ్బు తగ్గదు, బాధ తగ్గుతుంది. అప్పటి వైద్యం ఇవ్వగలిగింది అంతవరకే. మిగతావన్నీ ఆర్సెనిక్ లాంటి విషాలే.

ఇంతకీ పొక్కులొస్తే మనిషి ఎందుకు చనిపోతాడు? చర్మమంటే ఒంటి మీద కప్పుకున్న బట్ట కాదు, ఒంట్లో నీటిని లోపలా, క్రిముల్ని బయటా ఉంచే ఆనకట్ట. అది తెగితే కాలిన గాయాలైన వాళ్ళకి ఏమవుతుందో అదే అవుతుంది. నీరు, లవణాలు, ప్రోటీన్లు కారిపోతాయి, రక్తంలోకి క్రిములు ఎక్కుతాయి. పైగా నోరంతా పుండై గుక్కెడు గంజి కూడా దిగదు. స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బొచ్చిన వాళ్ళలో అత్యధికులు ఐదేళ్ళలోపే చనిపోయేవాళ్ళు.

గోడా, సున్నమూ

1896లో కీవ్‌లో ప్యోతర్ నికోల్‌స్కీ అనే వైద్యుడు ఒక విషయం గమనించాడు. ఈ రోగుల్లో పొక్కు లేని, చూడ్డానికి బాగానే ఉన్న చర్మాన్ని వేలితో కాస్త గట్టిగా రుద్దినా పై పొర జారిపోతుంది. దీన్నే నికోల్‌స్కీ గుర్తు అంటారు. ఇవాళ్టికీ చర్మవైద్యులు మంచం పక్కన ముందు చేసే పరీక్ష ఇదే. దానికి కావలసిన పరికరం బొటనవేలు ఒక్కటే. అందులో ఉన్న అసలు సంగతి ఏమిటంటే, పొక్కు అనేది ఫలితం మాత్రమే. లోపల చర్మం అప్పటికే పట్టు వదిలేసింది.

పట్టు ఎక్కడ వదిలింది? మన పైచర్మం ఇటుకల గోడ లాంటిది. కణాలు ఇటుకలు, వాటి మధ్య సున్నం ఉంటుంది. పెంఫిగస్ పొక్కుని సూక్ష్మదర్శినిలో చూస్తే ఇటుకలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి నీళ్ళలో విడివిడిగా తేలుతుంటాయి. అట్టడుగు వరస మాత్రం నేలకి అతుక్కునే ఉంటుంది, సమాధి రాళ్ళు వరసగా నిలబెట్టినట్టు. 1943లో పారిస్‌లో సివాత్ ఇదే ఈ జబ్బుకి గుర్తని చెప్పాడు. 1947లో అదే ఊళ్ళో అర్నో జాంక్, పుండు అడుగున గీకి గాజు పలక మీద పూసి చూస్తే ఆ విడిపోయిన గుండ్రటి కణాలు కనిపిస్తాయని చూపించాడు. నిమిషాల్లో అయిపోయే పరీక్ష, ఖర్చు దాదాపు ఏమీ లేదు.

1953లో వాల్టర్ లివర్ పెద్ద మెలిక విప్పాడు. జర్మనీలో పుట్టి అమెరికా వచ్చి బోస్టన్‌లో స్థిరపడ్డ వైద్యుడాయన. పెంఫిగస్ అని పిలుస్తున్న వాటిలో రెండు వేర్వేరు జబ్బులున్నాయన్నాడు. ఒకదాంట్లో ఇటుకల మధ్య సున్నం పోతోంది. రెండోదాంట్లో ఇటుకలు బాగానే ఉన్నాయి, గోడ మొత్తం పునాది మీంచి లేచిపోతోంది. రెండోదానికి బుల్లస్ పెంఫిగాయిడ్ అని పేరు పెట్టాడు. అందులో పొక్కు పైకప్పు మందంగా ఉంటుంది కాబట్టి త్వరగా చితకదు. ఎక్కువగా బాగా పెద్దవయసు వాళ్ళకి వస్తుంది. ఇదేదో పేర్ల గొడవ అనుకోకండి. పెంఫిగాయిడ్ ఒక్కోసారి దానంతటదే సద్దుమణుగుతుంది. పెంఫిగస్ అలా వదలదు. రెండిటినీ ఒకే గాటన కట్టినంతకాలం ఏ మందు పనిచేసిందో, ఎవరికి మందు లేకుండానే తగ్గిందో తేల్చడానికి వీల్లేకపోయింది. అక్కి బొమ్మలో సింహానికి పేరొచ్చినట్టే ఏ మందుకైనా పేరు రావచ్చు.

అప్పటికి కొత్త మందు ఒకటి చేతికొచ్చింది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతం రోగికి కార్టిజోన్ ఇచ్చి ఆశ్చర్యపోయే ఫలితం చూశాడు. 1950లో ఆయనకీ, మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పెంఫిగస్ రోగులకి కూడా ఇచ్చి చూస్తే పొక్కులు ఆగాయి. వేల ఏళ్ళలో మొదటిసారి ఈ జబ్బొచ్చిన వాళ్ళలో ఎక్కువమంది బతకడం మొదలుపెట్టారు. అయితే స్టెరాయిడ్లు ఊరికే వదలవు. పెద్ద మోతాదులో ఏళ్ళ తరబడి మింగితే చక్కెర వ్యాధి, ఎముకలు గుల్లబారడం, క్రిములకి లొంగిపోవడం. జబ్బుతో పోయేవాళ్ళు తగ్గి, మందుతో పోయేవాళ్ళు మొదలయ్యారు.

బఫెలోలో పచ్చటి వల

మందు దొరికింది గానీ దొంగ దొరకలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టిన ఊరు మాత్రం మనకి తెలిసిందే. ఇండియా నుంచి అమ్మానాన్నా వస్తే నయాగరా చూపించడానికి దాటి వెళ్తామే, ఆ బఫెలో.

20వ శతాబ్దం తొలిరోజుల్లో జర్మనీలో పౌల్ ఎర్లిక్ ఒక మాటన్నాడు. శరీరం తన మీద తానే విషం తయారుచేసుకోవడానికి జంకుతుందని దాని సారాంశం. ఆయన శిష్యుడు హాన్స్ సాక్స్, సాక్స్ శిష్యుడు ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ. నాజీల కాలంలో జర్మనీ వదిలి వచ్చిన విటెబ్‌స్కీ 1936లో బఫెలో చేరాడు. గురుపరంపరగా వచ్చిన నమ్మకం కదా, శరీరం తనని తాను కొట్టుకోదనే ఆయనా నమ్మేవాడు. 1956లో ఆయన దగ్గరే పనిచేస్తున్న నోయెల్ రోజ్, కుందేళ్ళ శరీరం తమ థైరాయిడ్ గ్రంథి మీదే దాడి చేసేలా చేయవచ్చని చూపించాడు. తన గురువుల మాట తప్పని తేల్చే ఆ ఫలితానికి చివరికి విటెబ్‌స్కీ కూడా తన పేరు జతచేశాడు.

అదే విశ్వవిద్యాలయంలో 1964లో ఎర్నెస్ట్ బ్యూట్‌నర్, రాబర్ట్ జోర్డన్ పెంఫిగస్ రోగుల రక్తరసాన్ని తీసుకుని చర్మపు ముక్క మీద వేశారు. దానిమీద మెరిసే రంగు కలిపిన రసాయనం వేసి ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిలో చూశారు. ప్రతి కణం చుట్టూ పచ్చటి గీత. అంతా కలిసి చేపలు పట్టే వలలా. రోగి రక్తంలో ఉన్న యాంటీబాడీలు సరిగ్గా ఇటుకల మధ్య సున్నాన్ని పట్టుకుంటున్నాయి! కంచే మేస్తోందని కళ్ళారా కనిపించింది. ఈ రోజు పెంఫిగస్ నిర్ధారణకి బయాప్సీ ముక్క మీద చేసే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష మూలం ఇక్కడే.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. 2010 ఏప్రిల్‌లో పేరున్న యాంటీవైరస్ ఒకటి, తప్పు అప్‌డేట్ వల్ల విండోస్ ఎక్స్‌పీలోని ముఖ్యమైన సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుంది. లెక్కలేనన్ని కంప్యూటర్లు రీబూట్ అవుతూ కూర్చున్నాయి. యాంటీవైరస్ పాడవలేదు, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎవరి మీద పనిచేయాలన్నదే తప్పింది.

అయితే దొంగ అక్కడ కనిపించినంత మాత్రాన దొంగతనం తనే చేశాడని రుజువు కాదు. పుండు వల్ల యాంటీబాడీలు వచ్చాయా, యాంటీబాడీల వల్ల పుండు వచ్చిందా? 1982లో గ్రాంట్ అన్హాల్ట్, లూయిస్ డియాజ్ బృందం రోగుల యాంటీబాడీల్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి ఎక్కిస్తే వాటికీ అవే పొక్కులొచ్చాయి. కేసు తేలిపోయింది. ఇక మిగిలింది ఆ సున్నం పేరు. 1991లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో జాన్ స్టాన్లీ, జపాన్ నుంచి వచ్చిన మసయుకి అమగాయ్ కలిసి దాని జన్యువుని పట్టుకున్నారు. ఆ ప్రోటీన్ పేరు డెస్మోగ్లీన్ 3. దాని తోబుట్టువు డెస్మోగ్లీన్ 1.

కాజెనావ్ చూసిన తేడాకి జవాబు ఇక్కడ దొరికింది. నోటి పొరలో కణాల్ని పట్టి ఉంచేది ముఖ్యంగా డెస్మోగ్లీన్ 3. ఒంటి చర్మంలో రెండూ ఉంటాయి, పైపొరల్లో మాత్రం 1దే పెత్తనం. కాబట్టి 3 మీద ఒక్కదాని మీదే దాడి జరిగితే ఒంటి చర్మాన్ని 1 కాపాడుకుంటుంది, నోరు మాత్రం పుండవుతుంది. తర్వాత 1 మీద కూడా యాంటీబాడీలు పుడితే అప్పుడు ఒంటి మీద పొక్కులు. మొదటి నుంచీ 1 మీదే దాడి అయితే చర్మం పైపైన రాలుతుంది, నోటికి ఏమీ కాదు. 150 ఏళ్ళ క్రితం కంటితో చూసి వేరు చేసిన రెండు రకాలకి రెండు ప్రోటీన్లు కారణమని తేలింది. "వేడి చేసిన నోరు" నెలల ముందే ఎందుకు మొదలవుతుందో కూడా.

నెలకి మూడు రోజులు

ఈ కథలో మన దేశం పేజీ ఒకటుంది. పడమటి పుస్తకాల్లో అంతగా కనపడదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో జె. ఎస్. పస్రీచా అనే చర్మవైద్యుడు 1980ల మొదట్లో, రోజూ స్టెరాయిడ్ మింగించే బదులు నెలకోసారి పెద్ద మోతాదులో ఇస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. మూత్రపిండాల మార్పిడిలో అలాంటి పద్ధతి అప్పటికే ఉంది, కానీ అక్కడ వాడే మందు ఖరీదు. ఆయన చవకైన డెక్సామెథసోన్ తీసుకున్నాడు. వరసగా మూడు రోజులు రోజుకి 100 మిల్లీగ్రాములు సెలైన్ సీసా ఎక్కించినట్టు ఎక్కించడం, అందులో ఒక రోజు 500 మిల్లీగ్రాముల సైక్లోఫాస్ఫమైడ్ కలపడం. మళ్ళీ 28 రోజులకి ఇంకోసారి. మధ్యలో రోజూ ఒక చిన్న సైక్లోఫాస్ఫమైడ్ మాత్ర. పొక్కులన్నీ పోయాక కూడా మరో 9 నెలలు ఇదే వరస, ఆ తర్వాత మాత్ర ఒక్కటే ఇంకో 9 నెలలు, తర్వాత ఏ మందూ లేదు. తగ్గించి ఉంచడం కాదు, మందు మాన్పించడమే ఆయన లక్ష్యం. పెద్ద ఎత్తున పోల్చి చూసిన పరీక్షలు లేవన్న విమర్శ దీనిమీద ఉంది. సైక్లోఫాస్ఫమైడ్ వల్ల పిల్లలు పుట్టకపోయే ప్రమాదం ఉంది కాబట్టి చిన్న వయసు వాళ్ళకి మార్చి ఇవ్వాలి. అయినా దేశమంతటా బోధనాసుపత్రుల్లో ఎందరో పేదవాళ్ళని నిలబెట్టిన పద్ధతి ఇది.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఆ వరసలోనే బయటపడింది. అంతకుముందు ఎనిమిది నెలలు నోటి పూతకి చుట్టూ తిరిగింది. పళ్ళ డాక్టరు పేస్టు మార్చమన్నాడు, ఇంకొకరు కారం మానమన్నారు, ఇంకొకరు విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. ఒంటి మీద పొక్కులు వచ్చాక ఇంట్లో ఆవిడ గ్లాసూ కంచమూ విడిగా పెట్టారు. మనవణ్ణి ఒళ్ళోకి తీసుకోనివ్వలేదు. చివరికి ఒక ప్రభుత్వాసుపత్రిలో చర్మవైద్యురాలు బొటనవేలితో రుద్ది చూసి, బయాప్సీకి పంపింది. తర్వాత రెండేళ్ళ పైగా నెలకోసారి బస్సెక్కి, మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చేది. ఫోన్లో మాట్లాడితే ఆవిడ పుళ్ళ గురించి ఎక్కువ చెప్పేది కాదు, ఆ గ్లాసు గురించే చెప్పేది.

హైదరాబాదు మందు

ఆ తర్వాతి మలుపు రిటుక్సిమాబ్. 1997లో అమెరికాలో ఒక రకం లింఫ్ కాన్సరుకి అనుమతి పొందిన మందు. యాంటీబాడీల తయారీకి మూలమైన బీ కణాల్ని ఏరి చంపుతుంది. చర్మాన్ని కాపాడడం కాకుండా కంచె వేసే ముళ్ళ చెట్టునే నరికేయడం అన్నమాట. 2006, 2007ల్లో మొండి పెంఫిగస్‌కి ఇది పనిచేస్తోందని వ్యాసాలొచ్చాయి. 2017లో ఫ్రాన్సులో పాస్కల్ జోలీ బృందం 90 మంది రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. రెండేళ్ళ తర్వాత మందులన్నీ మానేసినా జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు, స్టెరాయిడ్లు మాత్రమే వాడినవాళ్ళలో 34 శాతం అయితే రిటుక్సిమాబ్ కూడా తీసుకున్నవాళ్ళలో 89 శాతం. 2018లో అమెరికాలో పెంఫిగస్ వల్గారిస్‌కి అధికారికంగా అనుమతి వచ్చింది.

అయితే ఇంత మంచి మందు మనవాళ్ళు కొనగలరా? 2007లోనే హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ రెడిటక్స్ పేరుతో ఈ మందుకి సాటిదాన్ని తయారుచేసి అసలుకన్నా తక్కువ ధరకి అమ్మింది. కాన్సరు కోసం చేసినా, ఇలాంటి సాటి మందుల వల్లే మన దేశంలో పెంఫిగస్ రోగుల చేతికి రిటుక్సిమాబ్ అందింది.

కథ ఇంకా ముగియలేదు. 2016లో ఫిలడెల్ఫియాలో ఏమీ పేన్ బృందం, బీ కణాలన్నిటినీ చంపకుండా డెస్మోగ్లీన్ 3ని ఎరగా చూపి, దాన్ని కరవడానికి వచ్చిన కణాన్ని మాత్రమే చంపే పద్ధతిని ఎలుకల్లో చూపించింది. తర్వాత మనుషుల్లో తొలిదశ పరీక్షలు కూడా మొదలయ్యాయి. వియన్నాలో నీళ్ళ తొట్టె నుంచి ఇక్కడిదాకా నూట యాభై ఏళ్ళు.

ఇంత చరిత్ర చదివాక నాకు మిగిలిన లెక్క ఒకటే. శాస్త్రం తన వంతు దూరం చాలావరకు నడిచింది. ఇంకా నడవని దూరం నోరు పూసిన రోజుకీ బయాప్సీ రోజుకీ మధ్య ఉంది. అది ప్రయోగశాలలో తగ్గేది కాదు, మన ఇళ్ళలో తగ్గాలి. నోటి పుండు మూడు వారాలు దాటినా మానకపోతే మజ్జిగ తాగుతూనే చర్మవైద్యుడికి చూపించండి. అది ఇంకేదైనా కావచ్చు, ఎక్కువసార్లు ఇంకేదో అవుతుంది కూడా. కానీ చూపించాలి. ఈలోగా ఇంట్లో ఎవరి గ్లాసూ విడిగా పెట్టకండి.